స్టార్టర్ శాంసన్ గమ్ము మిషను

జమ్మలమడుగులో శాంసన్ అంటే ఏ శాంసన్ అని అడుగుతారు. బడిలో లెక్కలు చెప్పే శాంసన్ ఒకడున్నాడు, చర్చిలో హార్మోనియం వాయించే శాంసన్ ఇంకొకడున్నాడు. స్టార్టర్ శాంసన్ అంటే మాత్రం ఎవరూ మళ్ళీ అడగరు. బస్టాండు వెనక సందులో రేకుల కప్పు కింద అతని అంగడి. గోడ నిండా రాగితీగ చుట్టలు, నేల మీద కాలిపోయిన బోరు మోటార్లు. మోటార్లకు తీగ చుట్టడం అతని బతుకుతెరువు. పేరు తెచ్చింది మాత్రం ఆటో స్టార్టరు.

ఈ పక్క బోరున్న రైతుకు ఆటో అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. పొలానికిచ్చే కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో రైతుకు తెలియదు. పచ్చ బటను నొక్కి మోటారు వేసి ఇంటికొస్తాడు. మధ్యలో కరెంటు పోతే మోటారు ఆగిపోతుంది. మళ్ళీ వస్తే మోటారు తిరగదు, ఎవరో ఒకరు పోయి నొక్కాలి. స్టార్టరు పెట్టెలో ఆటో ఉంటే ఆ నడక తప్పుతుంది. కరెంటు వచ్చిన కాసేపటికి మోటారు తనంతట తానే లేస్తుంది.

శాంసన్ చిన్నాయన పెద్దముడియం దగ్గర పొలం కౌలుకు చేసేవాడు. కరెంటు వచ్చిందని తెలిసి మోటారు వేయడానికి పోయి, గట్టు మీద పాము కరిచి చనిపోయాడు. అప్పుడు శాంసన్ ఐటీఐ చదువుతున్నాడు. ఆ చదువు అక్కడే వదిలేసి ఒక వైండింగ్ అంగట్లో చేరాడు. మనిషి కోసం ఎదురుచూసే మోటారును చూస్తే ఇప్పటికీ అతనికి కోపం. పెద్దముడియం పొలాల్లో, మైలవరం డ్యాము కింద మడుల్లో, పులివెందుల అరటి తోటల్లో అతను పెట్టిన ఆటోలు తిరుగుతున్నాయి. ప్రతి పెట్టె మూత మీద తన పేరు ఎర్ర రంగుతో రాస్తాడు. రాసి, రైతుకు ఒకటే మాట చెబుతాడు: మనిషి లేకున్నా తిరిగేదే మిషను. ఈ మాట అతను ఎన్నిసార్లు అన్నాడంటే, ఇంట్లో వినడం మానేశారు.

ఇంట్లో అంటే భార్య ప్రసన్నకుమారి. ఆమె మైలవరం రోడ్డులో బండల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. గనుల నుంచి వచ్చిన నల్ల నాపబండల్ని అక్కడ కోసి, పాలిష్ పట్టి, వంటింటి గట్లకు, మెట్లకు పంపిస్తారు. బండ అన్నాక పగుళ్ళుంటాయి. మూలల దగ్గర రెండు ముక్కలు అతకాల్సి వస్తుంది. ఆ పగుళ్ళలో, అతుకుల్లో గమ్ము నింపే బల్ల ప్రసన్నది.

ఆ గమ్ము మామూలు గమ్ము కాదు. రెండు ప్లాస్టిక్ గొట్టాలు జంట అరటిపండులా అతుక్కుని వస్తాయి. ఒకదాంట్లో తెల్లది, ఒకదాంట్లో నల్లది. విడిగా ఉన్నంతకాలం రెండూ ఊరికే జిగురు. కొసన బిగించిన పొడుగాటి ముక్కులో మెలికలు తిరిగి, కలిసి బయటికొచ్చాయంటే మాత్రం ఒక టీ తాగేంతలో రాయవుతాయి. ఎండాకాలం టీ చల్లారనివ్వవు కూడా. జంట గొట్టాన్ని ఇనుప గన్నులో పెట్టి, మీట నొక్కుతూ పిండాలి. ఒత్తిడి ఎక్కువైతే పొర్లుతుంది, తక్కువైతే లోపల గాలి నిలిచి తర్వాత బండ పగులుతుంది.

ప్రసన్న ఆ ఫ్యాక్టరీలో చేరినప్పుడు బండలు కడిగేది. కోత మిషను దగ్గర తెల్ల బురదనీళ్ళలో పొద్దంతా నిలబడి, పొడవాటి బండల్ని తోసి, తిప్పి, కడగాలి. అక్కడి నుంచి గమ్ము బల్ల దగ్గరికి రావడానికి ఆమెకు ఏళ్ళు పట్టింది. ఫ్యాను కింద కుర్చీ, పాదాలు పొడిగా ఉండడం, బండ చూసి “దీనికి ముందు ఎండ తగలనీయండి” అంటే మగవాళ్ళు కూడా మాట వినడం, ఇవన్నీ ఆ బల్లతో వచ్చాయి.

ఏళ్ళ తరబడి మీట నొక్కీ నొక్కీ ఆమె కుడి మణికట్టు చెడిపోయింది. మొదట వేళ్ళు తిమ్మిరెక్కేవి. తర్వాత చెంబు పట్టుకుంటే జారిపోయేది. ఆసుపత్రిలో డాక్టరమ్మ చేయి వంచి చూసి, లోపల నరం ఒత్తుకుపోతోందనీ, పిండే పని మానుకోకపోతే చేయి మొత్తానికే పోతుందనీ చెప్పింది.

ఈ సంగతి ఫ్యాక్టరీ యజమాని గురుప్రసాద్‌కు తెలియడానికి ఎంతో సేపు పట్టలేదు. గురుప్రసాద్ చెడ్డవాడు కాదు. మంచివాడని రాసివ్వడానికీ లేదు. వాళ్ళ తాత గొర్రెలు మేపాడు. తండ్రి గొర్రెలు అమ్మి బండల మిషను కొన్నాడు. మందలో కుంటేదాన్ని ముందే కనిపెట్టి వేరు చేయడం అతనికి ఇంట్లోంచి వచ్చిన గుణం. చేయి బాగయ్యేదాకా కడిగేచోట ఉండమనీ, గమ్ము బల్లకు లక్ష్మీప్రియను పెడతాననీ అన్నాడు. లక్ష్మీప్రియ కొత్తగా చేరిన పిల్ల. బాగయ్యేదాకా అంటే ఎప్పటికీ అని ప్రసన్నకు తెలుసు. పులివెందులలో ఒక పెద్ద ఇంటికి పోవాల్సిన బండలు పాలిష్‌కు వస్తున్నాయి. అవి గమ్ము బల్ల మీదికి వచ్చి అయిపోయేదాకా తనను కదిలించొద్దని అడిగింది. అతను సరేనన్నాడు.

ఆ సాయంత్రం ఆమె గన్ను ఇంటికి తెచ్చి మొగుడి ముందు పెట్టింది. శాంసన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

“ఈ కాలంలో చేత్తో పిండేదేంది మే? మోటారు పెడితే పోలా?”

“పెట్టు మరి. అదేంటికి తెచ్చినాననుకున్నావు?” అంది ప్రసన్న.

చెప్పినంత తేలిక కాలేదు. శాంసన్ మొదట లారీ అద్దాలు తుడిచే వైపర్ మోటారు ఒకటి ప్రొద్దుటూరులో పాత సామాన్లమ్మే గుజరీలో వెతికి తెచ్చాడు. చిన్నదైనా బలంగా, నెమ్మదిగా తిరుగుతుంది. మోటారు గుండ్రంగా తిరుగుతుంది, గమ్మును నెట్టాల్సింది నేరుగా. దానికి మరలున్న కడ్డీ కావాలి. మరలు తీయాలంటే లేతు మిషను కావాలి. ప్రొద్దుటూరులో లేతు అంటే అతనికి ఖలందరే. ఇద్దరూ ఒకే వైండింగ్ అంగట్లో పని నేర్చుకున్నవాళ్ళు.

ఖలందర్ జంట గొట్టాన్ని చేతిలో పట్టుకుని, ఇదేంది మామా, గేదెలకేసే ఇంజక్షనా అని అడిగాడు. బండలకు అని శాంసన్ చెప్పాడు. మనుషులకే సరిగ్గా వేసేవాళ్ళు లేరు, నువ్వు బండలకు వేసేకి బయల్దేరినావా అని ఖలందర్ ఎగతాళి చేశాడు. చేసినా, పని మాత్రం చేసిచ్చాడు. రెండు గొట్టాలకు రెండు మర కడ్డీలు, రెండింటినీ తిప్పడానికి ఒక సైకిల్ చైను.

ఆదివారం చర్చి నుంచి రాగానే మొగుడూ పెళ్ళాం వాకిట్లో పగిలిన బండముక్కలు పరచుకుని కూర్చున్నారు. గడువు దాటిన గొట్టాలు కొన్ని ప్రసన్న ఫ్యాక్టరీ నుంచి అడిగి తెచ్చుకుంది. మోటారు తిరిగింది, గమ్ము వచ్చింది. శాంసన్ మీసం మీద చెయ్యి వేశాడు. మర్నాటికి చూస్తే ఆ గమ్ము చింతపండు గుజ్జులా వేలికి అంటుకుంటోంది. గడువు దాటిన సరుకు కదా, అందుకే ఇలా అన్నాడు శాంసన్.  ప్రసన్న అదే గొట్టాన్ని పాత గన్నులో పెట్టి, ఎడమ చేత్తో అవస్థపడి ఒక చార పిండింది. అది ఆ పూటకే రాయై కూర్చుంది. తప్పు గమ్ముది కాదని తేలిపోయింది.

లోపం కడ్డీల్లో ఉంది. నల్ల గమ్ము చిక్కన, తెల్లది పల్చన. నల్లదాని దగ్గర చైను వదులై కడ్డీ వెనకబడుతోంది, తెల్లది ముందే పోతోంది. రెండూ సమానంగా కలవకపోతే గమ్ము గట్టిపడదు. శాంసన్ చైను పీకేసి, మధ్యలో ఒకే మర కడ్డీ పెట్టాడు. దాని కొసకు మందపాటి ఇనుప పలక, పలకకు రెండు నెట్టుడు కడ్డీలు. ఒకటి కదిలితే రెండోది కదిలి తీరాలి. అప్పుడు పలక వంగడం మొదలెట్టింది. నల్లవైపు బరువెక్కువ, పలక ఆ పక్కకు ఒరిగేది. మళ్ళీ ప్రొద్దుటూరు బస్సు. పలక జారడానికి అటొకటి ఇటొకటి నున్నటి ఊచలు పెట్టించాడు. నీ పెళ్ళికి కూడా ఇన్నిసార్లు ప్రొద్దుటూరు రాలేదు కదప్పా అన్నాడు ఖలందర్.

పలక నిలిచాక ఇంకో తిప్పలు. మోటారు ఆపినా గమ్ము ఆగదు. లోపల నొక్కుకున్నది నొక్కుకున్నట్టే ఉండి, ముక్కు కొసన తోకలా కారుతూనే ఉంటుంది. చేతి గన్నుకైతే వెనక చిన్న రేకు నొక్కి ఒత్తిడి వదులు చేస్తానని ప్రసన్న చూపించింది. శాంసన్ రెండు రోజులు అంగట్లో దాని గురించే ఆలోచించాడు. చివరికి స్టార్టరులో వాడే రిలేతోనే దారి దొరికింది. ఆపగానే మోటారు ఒక్క క్షణం వెనక్కి తిరిగి ఆగేలా చేశాడు. తోక తెగిపోయింది. ప్రసన్న ఆ రోజు వాకిట్లోనే నవ్వింది, చాలా రోజుల తర్వాత.

బరువు చేతి మీద పడకుండా మిషనును సైకిల్ ట్యూబుతో పైనుంచి వేలాడదీశాడు. ఆమె ముక్కును పగులు వెంబడి నడిపిస్తే చాలు. మీట పట్టి ఉంచడం కూడా ఆ మణికట్టుకు కష్టమే కాబట్టి బటన్లు పెట్టాడు. తన పెట్టెలకు పెట్టే బటన్లే. పచ్చది నొక్కితే మొదలు, ఎర్రది నొక్కితే ఆగుతుంది.

అన్నీ పెట్టాక లోపల ఒక మూల కాస్త చోటు మిగిలింది. అక్కడ శాంసన్ ఆటో పెట్టేశాడు. ఎవరూ అడగలేదు. చెయ్యి దానంతట అదే పోయింది. ఇన్నేళ్ళుగా ఏ పెట్టె చేసినా చివర పెట్టేది అదే. ఫ్యాక్టరీలో కూడా కరెంటు పోతూ వస్తూ ఉంటుంది, వచ్చినప్పుడల్లా ప్రసన్న మళ్ళీ నొక్కే పని లేకుండా పోతుందనుకున్నాడు. ఆమెకు చెప్పాలని తోచలేదు. మూత బిగించి ఎర్ర రంగుతో తన పేరు రాశాడు.

పులివెందుల బండలు బల్ల మీదికి వచ్చిన రోజు ప్రసన్న మిషనును ఫ్యాక్టరీకి తీసుకుపోయింది. పొద్దున అంతా పండగే. మోటారు ఒకే రకంగా గొణుగుతుంటే గమ్ము సన్నటి దారంలా పగుళ్ళలోకి దిగుతోంది. కోత మిషనువాళ్ళు, లోడింగువాళ్ళు పని ఆపి వచ్చి చూశారు. గురుప్రసాద్ కూడా చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు నిలబడి, శాంసన్‌గాడికి బుర్రుండాదే అని పోయాడు. ఆ మాట ప్రసన్న జాగ్రత్తగా దాచుకుంది, ఇంటికి పోయి చెబుదామని.

టీ వేళకు ముందు, పెద్ద వంటింటి గట్టు మూల అతుకుతుండగా కరెంటు పోయింది. మోటారు ఆగింది. ముక్కు బండ మీద వేలాడుతోంది. లేని కరెంటుకు ఎర్ర బటను నొక్కేదేముంది? అందరూ టీకి పోయారు. ప్రసన్న కూడా పోయింది. తిరిగొచ్చి కొత్త ముక్కు బిగించుకుందాం, ఎలాగూ లోపల గట్టిపడి ఉంటుంది అనుకుంది. చేతి గన్నుతో ఇన్నాళ్ళూ చేసింది అదే.

గ్లాసు చేతిలో ఉండగానే లైట్లు వెలిగాయి. కాసేపటికి షెడ్డు లోపల మోటారు గొణుగు మొదలైంది. ఎవరు వేశారని అటు చూసింది. బల్ల దగ్గర ఎవరూ లేరు. గ్లాసు పారేసి పరిగెత్తింది. ముక్కులో గమ్ము రాయైపోయి ఉంది. మోటారుకు ఆ సంగతి తెలియదు, నెడుతూనే ఉంది. ఆమె చేయి ఎర్ర బటనుకు అందేలోపు గొట్టం మెడ దగ్గర చిట్లింది. తెల్లదీ నల్లదీ వేర్వేరుగా ఎగజిమ్మి, అద్దంలా పాలిష్ పట్టిన బండ మీద పడ్డాయి. నాపబండ నూనె తాగినట్టు తాగేసింది. గుడ్డలతో తుడిచారు, బ్లేడుతో గీకారు. మరక లోపలికి దిగిపోయింది.

గురుప్రసాద్ వచ్చి బండను చూశాడు, మిషనును చూశాడు. అది దానంతట అదే లేచిందని లక్ష్మీప్రియ చెప్పబోయింది.

“మిషను దానంతటదే లేస్తాదా? ఆపకుండా టీకి పోయినావు ప్రసన్నా,” అన్నాడు.

ఆపకుండా పోయిన మాట నిజమే. దానంతటదే లేచిన మాటా నిజమే. అలా లేచేలా చేసే మనిషి ఎవరో ప్రసన్నకు అప్పటికే అర్థమైంది. ఆ పేరు ఎర్ర రంగుతో మూత మీదే ఉంది. ఆమె నోరు తెరవలేదు. మధ్యాహ్నం నుంచి కడిగేచోట బురదనీళ్ళలో నిలబడింది.

ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, మిషనును శాంసన్ ముందు పెట్టింది.

“మామా, దీంట్లో ఆటో పెట్టినావా?”

“పెట్టినా. ఏమైంది?”

ఏమైందో చెప్పింది. శాంసన్ ముఖం మాడిపోయింది. అయినా తగ్గలేదు. ముక్కు తీసేసి పోయుండాల్సింది అన్నాడు, గొట్టం నాసిరకం అన్నాడు, కరెంటోళ్ళను తిట్టాడు. ఆమె అన్నీ విన్నది.

“నాకొక మాట చెప్పింటే ముక్కు తీసి పొయ్యేదాన్ని.”

“చెప్పేదేముండాది మే? నీ మంచికే పెట్టినా. బోరుకు పెట్టేటప్పుడు ఎవరికి చెప్తాండా?”

“బోరు నీళ్ళు పోస్తాది. ఎక్కువైతే కాలవలో పోతాది. ఇది గమ్ము,” అంది. తర్వాత తగ్గిన గొంతుతో అంది: “నేను లేకున్నా తిరిగే మిషను నాకేంటికి మామా? అట్ల తిరిగేటట్టయితే గురుప్రసాదన్నకు నేనేంటికి?”

 ఇంట్లో మాట పడినప్పుడు శాంసన్ చేసే పని ఒకటే, సంచి తీసుకుని ఏదో ఒక ఊరికి పనికి పోవడం. మర్నాడు పులివెందుల బస్సెక్కాడు.

అక్కడ తిరుపాల్ అనే రైతు అరటి తోటలో ఇంకో బోరుకు ఆటో పెట్టాలి. తిరుపాల్ ఎదురొచ్చి, నీ పెట్టె పెట్టినాక తోటకేసి చూసే పనే లేదప్పా, హాయిగా ఉండాది అన్నాడు. పాత బోరు తిరుగుతోంది. పోయి చూస్తే పైపు ఊడి, నీళ్ళు మడిలోకి కాకుండా బాటలోకి పారుతున్నాయి. ఎప్పటి నుంచి పారుతున్నాయో, బాటంతా మోకాలి లోతు బురద. తిరుపాల్ నవ్వాడు, నీళ్ళే కదా అని. వేరే రోజైతే శాంసన్ కూడా నవ్వేవాడు. ఈసారి పంచె ఎగ్గట్టి బురదలో దిగి, తన పేరున్న పెట్టె దగ్గరికి పోయి ఎర్ర బటను నొక్కి వచ్చాడు. ఆటో మంచిదే. చిన్నాయనకు అది ఉండుంటే బతికేవాడు. కానీ చిన్నాయనకు పనికొచ్చేది ప్రసన్నకు పనికి రావాలని ఎక్కడుంది? ఆ ముక్క ఇన్నేళ్ళలో తనకు ఎవరూ చెప్పలేదని అనుకున్నాడు. ఆ వెంటనే, చెప్పింది కదా, నిన్న, ఇంట్లో, అనుకున్నాడు.

వచ్చేటప్పుడు ప్రొద్దుటూరులో దిగాడు. మిషనులో గొట్టం మెడను పట్టే ఇనుప బిగింపు వంగిపోయింది, దాన్ని మార్పించాలి. ఖలందర్ ఆ పనిలో ఉండగా శాంసన్ బయట మెట్టు మీద కూర్చున్నాడు. పక్క గదిలో ఖలందర్ అక్క జానీబీ మోటారు మిషను మీద జాకెట్లు కుడుతోంది. ఆమె కాలి కింద ఒక పెడలు ఉంది. కాలు కాస్త వంచితే సూది ఒక్కో కుట్టే వేస్తుంది, గట్టిగా వంచితే పరుగు తీస్తుంది. జాకెట్టు మెడ మలుపు దగ్గర కాలు ఎత్తితే మిషను చచ్చినట్టు ఆగుతుంది. శాంసన్ చూపు ఆ కాలి మీద నిలిచిపోయింది.

“ఏందప్పా, నా కాళ్ళకేసి అట్ల చూస్తాండావు?” అంది జానీబీ.

లోపల ఖలందర్ లేతు ఆపి మరీ నవ్వాడు. శాంసన్ సిగ్గుపడి, మణికట్టు సంగతి, గమ్ము సంగతి, ఆటో సంగతి ఒకదాని మీద ఒకటి చెప్పేశాడు. జానీబీ విని, కుట్టు ఆపకుండానే, నా చేతులు రెండూ గుడ్డ మీదుండల్ల, మిషను నా కాలు చెప్పినట్టు వినల్ల, అంతే కదా దీనికి కావల్సింది అంది. కరెంటు పోయి వస్తే అన్నాడు శాంసన్. కాలు దాని మీద లేకుంటే ఏమొచ్చినా కదలదు అంది. పాత పెడలు ఒకటి అటక మీద ఉంటే దించి ఇచ్చింది.

ఇంటికొచ్చి శాంసన్ మూత విప్పాడు. మొదట ఆటోను బయటికి తీశాడు. పచ్చ, ఎర్ర బటన్లు తీసేశాడు. పెడలు లోపలి తీగలు మార్చి తన మోటారుకు కలిపాడు. కాలు పెట్టినంతసేపే మోటారు, కాలు ఎత్తితే ఒక్క క్షణం వెనక్కి తిరిగి నిలబడుతుంది. ముక్కు మూసుకుపోయి మోటారు బిగుసుకుంటే కరెంటు తెగిపోయి, మనిషి వచ్చి సరిచేసేదాకా అలాగే పడి ఉండేలా చేశాడు. ఈసారి ప్రతిదీ ప్రసన్నను పక్కన కూర్చోబెట్టుకుని, అడిగి చేశాడు. పెడలు ఎంత వాలుగా ఉండాలో ఆమె చెప్పింది. మొదటి వేగం మరీ ఎక్కువంది, తగ్గించాడు. ఇంకా తగ్గించమంది, తగ్గించాడు.

తర్వాత ఒక్కడే ఫ్యాక్టరీకి పోయాడు. గురుప్రసాద్ తూకం దగ్గర కుర్చీలో ఉన్నాడు. శాంసన్ నిలబడే చెప్పాడు, మిషను నిజంగానే దానంతటదే లేచిందనీ, అలా లేపే ఆటో తానే ఆమెకు చెప్పకుండా పెట్టాననీ.

“అంటే తప్పు నీది.”

“నాదే సార్.”

“మరి ఆయమ్మ ఆ పొద్దు ఆ మాట ఏంటికి చెప్పల్యా?”

 గురుప్రసాద్ కడిగేచోటికేసి చూశాడు. ప్రసన్న అక్కడ బురదనీళ్ళలో నిలబడి, కుడి చేయి కడుపుకు ఆనించుకుని, ఎడమ చేత్తో బండను తోస్తోంది. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నది ఆమె చూస్తూనే ఉంది. చూడనట్టు తోస్తోంది.  గురుప్రసాద్ మిషను తెమ్మన్నాడు. ముందు చెత్త ముక్కల మీద, అది సరిగ్గా ఉంటేనే మంచి బండ మీద, ఈసారి చుక్క పడిందంటే మిషనూ వద్దు, మీ ఇద్దరూ వద్దు అన్నాడు.

చెత్త ముక్కల మీద బాగానే అయింది. మర్నాడు మరకపడ్డ గట్టుకు బదులుగా కోసిన కొత్త బండను బల్ల మీదికి ఎక్కించారు. ప్రసన్న పాదాలు పొడిగా తుడుచుకుని కుర్చీలో కూర్చుంది. రెండు చేతులూ ముక్కు మీద తేలిగ్గా వేసి, కాలు వంచింది. మోటారు పలికింది. పగులు సన్నగా ఉన్నచోట కాలు సగం ఎత్తింది, వెడల్పైన చోట వంచింది. శాంసన్ ఆమె భుజం వెనకే నిలబడి చూస్తున్నాడు. మధ్యలో లక్ష్మీప్రియ ఏదో అడిగితే ప్రసన్న కాలు ఎత్తి, జవాబు చెప్పి, మళ్ళీ కాలు పెట్టింది. ఆ మాట్లాడినంతసేపూ మిషను ఊరికే వేలాడుతూ ఉంది. మూల అతుకు పూర్తయ్యేసరికి బండ మీద ఒక్క చుక్క లేదు.

గురుప్రసాద్ వంగి, అతుకు మీద గోరు గీసి చూశాడు. బాగుందని అనలేదు. శాంసన్ వైపు తిరిగి అడిగాడు.

“కొంచెం స్పీడు పెంచేకి కాదా? ఇట్లయితే పొద్దుగూకేదాకా ఇదే సరిపోతాది.”

చేయడానికైతే అవుతుంది. లోపల ఒక చిన్న మర తిప్పితే చాలు, ఆ మాట శాంసన్ నోటిదాకా వచ్చింది. చెప్పకుండా ప్రసన్నకేసి చూశాడు. ఆమె కొత్త ముక్కు బిగిస్తోంది, తలెత్తలేదు.

“ఇది ఇంతే పోతాదన్నా,” అంది. “ఇంతకంటే ఉరికితే లోపల గాలి నిలుస్తాది. రేపు పులివెందులలో ఆ గట్టు పగిలితే వాళ్ళు నీ ఇంటికొస్తారు, మా ఇంటికి రారు.”

 గురుప్రసాద్ పోతూ పోతూ, లక్ష్మీప్రియను కడిగేచోటికి పొమ్మన్నాడు. ఆ పిల్ల ముఖం ముడుచుకుంది. ప్రసన్న అది చూసి, సందు దొరికినప్పుడల్లా వచ్చి నా పక్కన కూర్చో, కాలు ఎట్ల పెట్టాలో చూపిస్తా అని చెప్పింది.

శాంసన్ ఇంకా అక్కడే ఉన్నాడు. సైకిల్ ట్యూబు ముడి సరిచేశాడు. తీగ కాలికి తగలకుండా జరిపాడు. పెడలు కింద రాయి ఒకటి పెట్టబోయాడు.

“నువ్వు పో మామా. అంగడి తెరుచుకో,” అంది ప్రసన్న.

“ఏమన్నా అయితే?”

“అయితే కాలు ఎత్తుతా.”

అతను గేటు దాకా పోయి ఆగాడు. బోరు మోటారు శబ్దం అతని చెవికి తెలుసు, మొదలైతే పొద్దంతా ఒకే ధార. షెడ్డులోంచి వచ్చేది అలా లేదు. గొణుగుతుంది, ఆగుతుంది, కొంచెం గొణుగుతుంది, చాలాసేపు ఆగుతుంది. ఆగిన ప్రతిసారీ అతని కాలు వెనక్కి మళ్ళబోయింది. ఆగిన ప్రతిసారీ లోపలినుంచి ప్రసన్న ఎవరితోనో మాట్లాడడం వినిపించింది. బండ తిప్పమనో, గుడ్డ ఇవ్వమనో. ఇంతలో జమ్మలమడుగు వైపు పోయే ఆటో బండి ఒకటి వచ్చింది, చెయ్యెత్తి ఎక్కాడు.